కారు ఎంత దూరం... లెన్సు ఎంత పొడవు!

చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే హైవే మీద ఓ ముప్పై కిలోమీటర్లు దాటాక రోడ్డుకు రెండు వైపులా ఫ్యాక్టరీలు మొదలవుతాయి. కంటైనర్ లారీలు, కంపెనీ బస్సులు, షిఫ్టు దిగి టీకొట్ల దగ్గర నిలబడ్డ కుర్రాళ్లు... శ్రీపెరుంబుదూరు ఇంకాస్త దూరం ఉందనగా వస్తుంది ఇరుంగాట్టుకోట్టై. హ్యుందాయ్ కార్లు తయారయ్యేది ఇక్కడే. మామూలు రోజుల్లో బస్సు దిగినవాళ్లకు ఇది మరో పారిశ్రామికవాడ, అంతే. కానీ రేసులున్న శని, ఆదివారాల్లో దిగితే మాత్రం కంటికంటే ముందు చెవికి తెలిసిపోతుంది. దూరంగా తుమ్మెద రొదలా మొదలై, అంతలోనే పెరిగి, గుండెల్లో దడదడలాడించి, మళ్లీ తుమ్మెదలా మారి మాయమయ్యే శబ్దం. ఆ శబ్దం వెంట నడిచి వెళ్తే చాలు, రేస్ ట్రాక్ చేరిపోతాం.

1990లో మొదలైన ఈ ట్రాక్‌ను చాలాకాలం మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్ అన్నారు. ఇప్పటి పేరు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. చుట్టూ ఒకసారి తిరిగితే 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దీని యజమాని. అంతకుముందు ఈ క్లబ్ రేసులు నెల్లూరు దారిలోని షోలవరం దగ్గర, యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల్లోని పాతతరం వాళ్లను కదిపితే షోలవరం కబుర్లు ఇప్పటికీ చెబుతారు. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్, 2010లో ఆ బాట పట్టిన చెన్నై కుర్రాడు కరుణ్ చందోక్... ఇద్దరూ ఇరుంగాట్టుకోట్టై మలుపులు తిరిగినవాళ్లే.

నేను అక్కడికి వెళ్లింది మాత్రం రేసుల మీద మోజుతో కాదు. ఓ చీటీ డబ్బు గురించి తేల్చడానికి!

గదా? లెన్సా?

మా అక్క కొడుకు నెల్లూరులో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. చేతిలో పని ఉంది, పేరూ ఉంది. కానీ మనసు మాత్రం రేసుల మీద. ‘పెళ్లిఫొటోలు తీసేవాళ్లు వీధికి ఇద్దరున్నారు మామయ్యా, రేసులు బాగా తీసేవాళ్లు ఎంతమంది?’ అంటాడు. రేసు జట్లకు, టైర్ల కంపెనీలకు, పత్రికలకు ఫొటోలు కావాలి. ఆ దారిలో వెళ్లాలంటే ముందు దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాగే టెలిఫోటో జూమ్ లెన్సు ఉండాలి. దాని ధర చెబితే మా అక్క నోట మాట రాలేదు. మంచి మోటార్ సైకిల్ వచ్చే డబ్బుతో లెన్సా అని!

అప్పటికి అక్కకు చీటీ పాట డబ్బు వచ్చి ఉంది. మేడ మీద గది వేయించాలని మూడేళ్లు కట్టిన చీటీ. కొడుకు అడిగితే కాదనలేదు, ఔననీ అనలేదు. నాకు ఫోన్ చేసి ‘వాడితో ఓసారి వెళ్లి నీ కళ్లతో చూసి రారా. అంత పెద్దది నిజంగా కావాలంటే ఇచ్చేస్తా, ఉత్త సరదా అయితే గది వేయించుకుంటా’ అంది. అలా ఇద్దరం శుక్రవారం రాత్రి చెన్నై చేరాం. శనివారం పొద్దున్నే ఓ షాపులో రెండు లెన్సులు అద్దెకు తీసుకున్నాం. ఒకటి 70-200, రెండోది 150-600. కొనకముందే అద్దెకు తెచ్చి చూడాలన్నది వాడి ఆలోచనే. అక్కడే వాడి మీద నాకు సగం నమ్మకం కుదిరింది.

ఆ అంకెల సంగతేంటి?

లెన్సు మీద ఉండే 70-200, 100-400 లాంటి అంకెలు మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ దూరంలోని వస్తువు పెద్దగా కనిపిస్తుంది, చుట్టుపక్కల దృశ్యం తగ్గిపోతుంది. రెండు అంకెలుంటే ఆ మధ్యలో ఎక్కడైనా తిప్పుకోవచ్చు, అదే జూమ్. ఇక ఎఫ్/2.8, ఎఫ్/5.6 అనేవి లెన్సు కన్ను ఎంత పెద్దగా తెరుచుకుంటుందో చెబుతాయి. అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ లోపలికి వస్తుంది. ధర, బరువు కూడా దాంతోపాటే పెరుగుతాయి.

మరి ఎన్ని మిల్లీమీటర్లు కావాలి? షాపువాళ్లను అడిగితే ‘ఎంత ఎక్కువైతే అంత మంచిది సార్’ అంటారు. నిజానికి దీనికి చిన్నపాటి లెక్క ఉంది. పెద్ద సెన్సరున్న ‘ఫుల్ ఫ్రేమ్’ కెమెరా అయితే, కారు మీకు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో ఆ అంకెను నాలుగుతో గుణించండి. వంద మీటర్లయితే 400 మి.మీ. అప్పుడు ఫొటోలో దాదాపు తొమ్మిది మీటర్ల వెడల్పు పడుతుంది. నాలుగు మీటర్ల కారు ఫొటోలో సగానికి కాస్త తక్కువగా నిలిచి, ముందు దూసుకెళ్లడానికి చోటు మిగులుతుంది. మా వాడి దగ్గరున్నట్టు చిన్న సెన్సరు కెమెరా అయితే నాలుగుకు బదులు రెండున్నరతో గుణిస్తే సరిపోతుంది. అదే వంద మీటర్లకు 250 చాలు. మోటార్ సైకిల్ పొడవు రెండు మీటర్లే కాబట్టి, అంతే పెద్దగా కనిపించాలంటే ఈ లెక్క రెట్టింపవుతుంది.

అంటే లెన్సు ఎంచుకోవడమంటే ముందు నిలబడే చోటు ఎంచుకోవడమే. ఆ చోటు తెలియకుండా లెన్సు కొనడం, కాలి కొలత తెలియకుండా చెప్పులు కొనడం లాంటిదే!

అడుగులతో కొలిచాం

అందుకే ఫొటోల కంటే ముందు నడక మొదలుపెట్టాం. ఇక్కడ మలుపులకు సీ-1, సీ-2 అని వరుసగా నంబర్లు. రేసు మొదలుకాకముందే ప్రేక్షకులను అనుమతించే చోట్లన్నీ తిరిగాం. ట్రాకు దాకా అడుగులు వేసి కొలవలేం కాబట్టి, కంచె వెంట అడుగులు వేసి చూసుకుని, ఆ దూరంతో పోల్చి అంచనా కట్టాడు మావాడు. తిన్నగా సాగే దారి పక్కన గ్యాలరీ నుంచి కార్లు నలభై మీటర్ల లోపే. మలుపుల దగ్గర మాత్రం దూరం పెరిగింది. అదుపు తప్పిన బండి ఆగడానికి మలుపు బయట ఖాళీ నేల వదలాలి కదా, కంచె దాని వెనక ఉంటుంది. మేం నిలబడగలిగిన మలుపుల్లో దూరం 80 నుంచి 130 మీటర్ల దాకా వచ్చింది.

లెక్క వేస్తే నలభై మీటర్లకు 100 మి.మీ., నూట ముప్పైకి 325 మి.మీ. బైకులు కాస్త దగ్గరగా వచ్చే చోట 200 నుంచి 400. అప్పటికే జవాబు కాగితం మీద సగం దొరికినట్టే. అయినా అక్క డబ్బు కదా, కళ్లతో చూడకుండా ఒప్పుకోవాలనిపించలేదు.

మధ్యాహ్నం ఎండ చెప్పిన పాఠం

మొదటి రేసులో మావాడు పెద్ద లెన్సు పెట్టాడు. 600 దాకా లాగి, సెకనులో రెండువేలో వంతు షట్టర్ వేగంతో తీశాడు. ఫొటోలు తెరమీద చూస్తే బొమ్మ స్పష్టంగానే ఉంది, కానీ కారు రోడ్డు మీద పార్క్ చేసినట్టుంది! చక్రాల గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. గంటకు 180 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 50 మీటర్లు. అయినా రెండువేలో వంతు సెకనులో ఆ కారు కదిలేది రెండున్నర సెంటీమీటర్లే. వేగం ఎక్కడ కనిపిస్తుంది?

అదే సెకనులో 125వ వంతు పెడితే కారు 40 సెంటీమీటర్లు కదులుతుంది. కెమెరాను కారుతోపాటే సమానంగా తిప్పుతూ ఆ వేగంలో నొక్కితే కారు నిలిచి, వెనకున్న చెట్లు, బ్యానర్లు, జనం రంగుల గీతలైపోతాయి. దీన్ని ప్యానింగ్ అంటారు. చెప్పడానికి తేలికే. మావాడు మొదట అరవై తీస్తే నాలుగు కుదిరాయి. ఆ నాలుగూ చూశాక మాత్రం పొద్దుటి ఫొటోలన్నీ చెరిపేయాలనిపించింది వాడికి. ఇది లెన్సు చేసే పని కాదు, నడుము చేసే పని. ఫ్రాన్సులో వందేళ్లకు పైగా వెనక, ఇరవై నిండని లార్తీగ్ అనే కుర్రాడు ఓ గ్రాండ్ ప్రి రేసులో తీసిన ఫొటో ఇప్పటికీ ప్రసిద్ధం. అందులో కారు చక్రం కోడిగుడ్డులా ముందుకు వాలి ఉంటుంది, గట్టుమీది జనం వెనక్కి వాలి ఉంటారు. అప్పటికి జూమ్ లెన్సుల మాటే లేదు!

ఆ మధ్యాహ్నం మరో రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఎండ. నెత్తిన సూర్యుడున్నప్పుడు ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/5.6 పెడితే సెకనులో 800వ వంతు షట్టర్ వేగం దొరుకుతుంది. బొమ్మను నిలపడానికి అదే ఎక్కువ. ప్యానింగ్‌కైతే ఆ వెలుతురును ఇంకా తగ్గించుకోవాలి, ఎఫ్/14 దాకా వెళ్లాలి. షట్టర్ ఇంకా నెమ్మదిగా కావాలంటే లెన్సు ముందు నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ బిగించాలి. అంటే లక్షలు పోసి కొనే ఎఫ్/2.8 పెద్దకన్ను ఇక్కడి పగటి రేసుల్లో చాలావరకు మూసుకునే ఉంటుంది!

రెండోది, వేడి. పన్నెండు దాటాక తారు మీద గాలి నీళ్లలా అలలు పోతుంది. దూరపు మలుపును 600తో లాగితే కారు అంచులన్నీ చెదిరిపోయాయి. లెన్సు తప్పేమో అనుకున్నాం. దగ్గరి మలుపుకెళ్లి 200తో తీస్తే అద్దంలా వచ్చింది. మధ్యలో ఉన్న వేడిగాలిని ఎంత ఖరీదైన గాజూ తుడిచేయలేదు. దూరపు ఫొటోలు పొద్దున తొమ్మిదిలోపే తీసుకోవాలి.

ఫొటోల జాకెట్ వేసుకుని లోపల తిరుగుతున్న ఓ పెద్దాయన భోజనాల విరామంలో క్యాంటీన్‌లో మా పక్కన కూర్చున్నాడు. తమిళుడే అయినా తెలుగు బాగానే మాట్లాడాడు. మావాడి 150-600 చేతిలోకి తీసుకుని తూచి చూసి నవ్వాడు. ‘పొద్దున రెండు కిలోలే తంబీ, సాయంత్రానికి పది కిలోలు’ అన్నాడు. తన సంచిలో పాత 100-400, దాని కింద బిగించే ఒంటికాలి స్టాండు, చెమట తుడుచుకునే తువ్వాలు. అంతే. చేతి వణుకును ఆపే స్టెబిలైజర్‌లో ప్యానింగ్ కోసం వేరే మీట ఉంటుందని, కెనాన్ లెన్సుల్లో అది రెండో నంబరని, అది పెడితే పైకీ కిందకీ ఊగడాన్నే ఆపుతుందని చూపించాడు. ఇక్కడి దుమ్ములో లెన్సు మార్చొద్దని గట్టిగా చెప్పాడు. ‘ఒక రోజుకి ఒక లెన్సే. మార్చేది నువ్వు నిలబడే చోటు’ అని లేచి వెళ్లిపోయాడు.

అన్నిచోట్లా ఇదేనా?

కాదు. ‘హైదరాబాద్‌లో అయితే?’ అన్నాను. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ విద్యుత్తు కార్ల రేసు జరిగింది. మనదేశంలో ఆ రేసు జరగడం అదే మొదలు. ఎన్టీఆర్ మార్గ్ చుట్టూ 2.8 కిలోమీటర్ల వీధి ట్రాకు, గెలిచింది ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్. 2024లో జరగాల్సిన రెండో పోటీ రద్దయింది. వీధి రేసుల్లో ఖాళీ నేల ఉండదు. కాంక్రీటు గోడ, దానిమీద ఎత్తయిన ఇనుప వల. కారు మాత్రం చాలా దగ్గర. అలాంటి చోట 600 సంచిలోంచి తీయక్కర్లేదు, 70-200 దండిగా సరిపోతుంది. అక్కడ శత్రువు దూరం కాదు, వల. లెన్సు వలకు వీలైనంత దగ్గరగా పెట్టి, కన్ను పూర్తిగా తెరిస్తే తీగలు కరిగిపోయినట్టు మాయమవుతాయి.

చెన్నై నగరం నడిమధ్యనే మరో కథ. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల వీధి ట్రాకులో ఫ్లడ్‌లైట్ల కింద రాత్రి రేసులు జరిగాయి. అక్కడ ఎఫ్/2.8 లెన్సు, ఎఫ్/5.6 కంటే నాలుగు రెట్లు వెలుతురు తీసుకుంటుంది. 150-600 లాంటి వాటిలో చివర ఎఫ్/6.3 ఉంటుంది, దానితో పోలిస్తే ఐదు రెట్లు. ఇరుంగాట్టుకోట్టైలో కళ్లు మూసుకుని కూర్చున్న ఖరీదంతా అక్కడ రాత్రి పూట పనికొస్తుంది. కాకపోతే అలాంటి రాత్రులు ఏడాదికి ఎన్ని? ఒకటో, రెండో. వాటికి అద్దె చాలు.

కెమెరానే చెప్పింది

ఆదివారం సాయంత్రం చివరి బైక్ రేసు అయ్యాక లాడ్జి గదిలో కూర్చుని ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాం. డిజిటల్ కెమెరా ప్రతి ఫొటోతోపాటు అది ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీసిందో కూడా రాసిపెట్టుకుంటుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు. మావాడు రెండు రోజుల్లో తీసినవి మూడువేలకు పైనే. వాటిలో పనికొచ్చేవి వాడే ఏరాడు, నలభై ఒకటి తేలాయి. ఒక్కోదానికీ అంకె చూసి కాగితం మీద రాశాం. ముప్పై మూడు ఫొటోలు 100కీ 400కీ మధ్యే ఉన్నాయి. 500 దాటినవి మూడు, అవి మూడూ పొద్దున తీసినవి. మిగతా ఐదూ వంద లోపు... పిట్‌లో చక్రాలు మార్చే కుర్రాళ్లు, హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటున్న రైడరు. వాటికి వాడి పెళ్లిళ్ల లెన్సే చాలు.

అక్కకు ఫోన్ చేసి చెప్పాను. లెన్సు కావాల్సిందే, ఉత్త సరదా కాదు. కానీ వాడు మొదట అడిగినంత పెద్దదీ, కొత్తదీ అక్కర్లేదు. నెల తిరగకుండానే చెన్నైలో వాడిన 100-400 ఒకటి చూసి, గాజులో బూజు లేదని టార్చిలైటు వేసి మరీ పరీక్షించి, జూమ్ తిప్పితే గరగరలాడటం లేదని చెవి పెట్టి విని తీసుకున్నాడు. చీటీ డబ్బులో సగానికి లోపే అయింది. మిగిలినదానితో మేడ మీద గోడలు లేచాయి. పైకప్పు వాడు రేసు ఫొటోలు అమ్మి వేయిస్తానన్నాడు. ఇప్పటికి రెండు బైకు జట్లు వాడి ఫొటోలు తీసుకున్నాయి. ఇంకా కప్పు పడలేదు, ఇటుకలైతే వచ్చాయి.

వెళ్లాలనుకుంటే...

చెన్నై నుంచి శ్రీపెరుంబుదూరు, కాంచీపురం వైపు వెళ్లే బస్సులు హైవే మీద ఇరుంగాట్టుకోట్టై మీదుగానే వెళ్తాయి. చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు రాణిపేట, కాంచీపురం దారిలో శ్రీపెరుంబుదూరు దాటి రావాలి. రామానుజాచార్యులు పుట్టిన ఊరు అదే కాబట్టి, ఇంట్లో పెద్దవాళ్లుంటే పొద్దున ఆదికేశవ పెరుమాళ్ దర్శనం, ఆపైన పిల్లలకు రేసులు... రెండూ ఒకరోజులో అవుతాయి. రేసులు అన్ని వారాల్లోనూ ఉండవు, తేదీలు ముందుగా కనుక్కునే బయల్దేరాలి.

టోపీ, నీళ్ల సీసా, పిల్లల చెవులకు ఇయర్ మఫ్‌లు మరవకండి. కంచె దాటి ఒక్క అడుగు కూడా ముందుకు వేయొద్దు. కార్లు తిరుగుతున్నంతసేపూ ట్రాకుకు వీపు పెట్టి నిలబడొద్దు. మార్షల్ జెండా ఊపి జరగమంటే, ఎంత మంచి ఫొటో పోయినా సరే, వెంటనే జరగాలి. కెమెరా లేకపోయినా పర్లేదు. ఓ మలుపు దగ్గర నిలబడి, వచ్చే కారును చూపుతో పట్టుకుని, అది కనుమరుగయ్యేదాకా తల తిప్పుతూ వెంట వెళ్లండి. వెనకున్నదంతా గీతలైపోయి కారొక్కటే నిలబడుతుంది. ప్యానింగ్ అంటే అదే, మొదటి పాఠానికి పైసా ఖర్చులేదు.